మాట తెగని పరుగు

సెలూన్ మాస్టారికన్నా ముందు ఆయన పొట్ట వచ్చేది. సందు మలుపులో మొదట అది కనిపించేది. ఆ తర్వాత తీరిగ్గా, ఓ సిగరెట్టు కాలి ఆరేంత సేపటికి, మాస్టారు కనిపించేవాడు. నూట రెండు కిలోల మనిషి. ఆయన కుర్చీలోంచి లేస్తే కుర్చీ నిట్టూర్చేదంటే నమ్మండి, మూడు వీధుల అవతలికి వినిపించేది.

పొట్ట ఒకెత్తు, నోరు ఒకెత్తు. కూర్చున్నవాడి మెడకి గుడ్డ చుట్టి, చెవి పక్కన కత్తెర ఆడిస్తూ ఆయన కథ ఎత్తుకుంటే ఇక అంతే. వినేవాడు తల ఊపడానికి లేదు, కత్తెర ఉంది. నోరు తెరవడానికి లేదు, వెంట్రుకలు పడతాయి. పెదాలు బిగించి "ఊఁ" అనడమొక్కటే దారి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఊఁ మీదే బతికాడాయన. సర్కస్ ఎలుగుబంటికి గడ్డం గీసిన కథ, కరెంటు పోయిన పూట ఒక్క అగ్గిపుల్ల వెలుగులో పదకొండు తలలు గొరిగిన కథ. అగ్గిపుల్ల ఆరలేదా అని అడిగినవాడు లేడు. అడిగే వీలుంటేగా!

అసహ్యమంటే ఎరగని మనిషి కూడా. పుండ్లు పడ్డ మాడులు, చీము కారే మెడలు, నెలల తరబడి నీళ్ళు తగలని జుట్టు, అందులో కాపురాలు పెట్టిన పేలు... అన్నీ ఆ చేతుల కిందనుంచే పోయాయి. ఎడమచేత్తో పేలతల పట్టుకుని కుడిచేత్తో టీ తాగేవాడు. అలాంటి మనిషికి కొవ్వొత్తి చూసినా కడుపులో తిప్పే గతి పట్టింది. అదీ ఎనిమిది వారాల్లో.

మాస్టారికి ఒక్కడే తమ్ముడు. చుక్క తాగి ఎరుగడు. రోజూ పదేసి కిలోమీటర్లు పరిగెత్తిన ఒళ్ళు. ఏదో జబ్బు లోపల్లోపలే అతని కాలేయాన్ని తినేసింది. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి, కాళ్ళు పుల్లలయ్యాయి. బతకాలంటే ఇంకొకరి కాలేయంలో ముక్క కోసి పెట్టాలి. రక్తం కలిసింది ఒక్క మాస్టారిదే. తీరా స్కానింగ్ చేస్తే డాక్టరు పెదవి విరిచాడు.

"మీ లివర్‌లో మూడో వంతు కొవ్వేనండీ. ఇది పెడితే ఆయన బతకడు. పన్నెండు కిలోలు తగ్గి రండి. ఎనిమిది వారాలు టైము. ఆ తర్వాత వచ్చినా లాభం లేదు."

మాస్టారు కొత్త బూట్లు కొన్నాడు. పరుగు నేర్పింది మంచం మీద ఉన్న తమ్ముడే.

"ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అంతే అన్నయ్యా. మొదటి రోజే గుర్రంలా దూకకు."

"నేను దూకితే గుర్రాలు సిగ్గుతో గడ్డి మానేస్తాయిరా."

"మానేస్తాయిలే. అసలు కిటుకు విను. మాట్లాడగలిగేంత వేగంతోనే పరిగెత్తాలి. మాట తెగిందా, వేగం ఎక్కువైనట్టు. మాట నడుస్తోందా, ఒళ్ళు కరుగుతున్నట్టు. పక్కన ఎవరైనా ఉంటే కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తేయొచ్చు."

"ఎవరూ లేకపోతే?"

"నీకు మనిషి కావాలా? గోడ దొరికినా కథ చెబుతావుగా!" తమ్ముడు నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు.

నలుగురి ముందు ఆ పొట్ట ఊపుకుంటూ పరిగెత్తడానికి మాస్టారికి ప్రాణం ఒప్పలేదు. సెలూన్ ఉన్న భవనం కింద రెండు అంతస్తుల పార్కింగ్ ఉంది. పై అంతస్తులో బళ్ళు. కింది దానిలో నీళ్ళూరతాయని ఎవరూ బండి పెట్టరు. మధ్యాహ్నం రెండింటికి సెలూన్ షట్టరు సగం దించి, మాస్టారు అక్కడికి దిగాడు. మెట్ల దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు.

"ఎవరైనా తరుముతున్నారా మాస్టారూ?"

"నన్ను తరిమేవాడు ఇంకా పుట్టలేదోయ్!"

కింద పట్టపగలే చీకటి. పన్నెండు సిమెంటు స్తంభాలు, ఒక్కోదాని మీద అంకె. ఒక మూల ఒకే ఒక ట్యూబులైటు, అదీ కన్ను కొడుతూ. చెమ్మ వాసన. దాని అడుగున ఇంకేదో వాసన, ఎన్నిసార్లో కాగి చల్లారిన నూనెలాంటిది. పై భవనంలో ఓ హోటలుంది, దాని మురుగు గొట్టమేమో అనుకున్నాడు.

మొదటి పరుగు నలభై సెకన్లు. డొక్కలో కత్తి దించినట్టు పోటు. తొడలు రాసుకుని మంటలు. స్తంభం పట్టుకుని వగర్చిన వగర్పుకి పైన కార్ల హారన్లు వాటంతటవే మోగాయని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. వారం గడిచింది. తూకం ముల్లు వెంట్రుకంత కూడా కదల్లేదు.

కిటుకు గుర్తొచ్చింది. మాట్లాడుతూ పరిగెత్తాలి. ఎలుగుబంటి కథ ఎత్తుకున్నాడు. కానీ ఊఁ కొట్టేవాడు లేకపోతే ఆయనకి కథ ముందుకి జరగదు. రెండు వాక్యాలకే ఆగిపోయి, విసుగ్గా గట్టిగా అనేశాడు.

"ఊఁ కొట్టే దిక్కైనా లేదు!"

ఇంకో చుట్టు తిరిగాడు. తొమ్మిదో స్తంభం దగ్గర... వెనకనుంచి...

"ఊఁ."

వాచ్‌మన్ అనుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. వెనక్కి చూడకుండానే కథ అందుకున్నాడు. ఎలుగుబంటిని కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఊఁ." నురుగు రాశాడు. "ఊఁ." మాట తెగలేదు. ఊపిరీ తెగలేదు. ఆ రోజు ఆగకుండా ఆరు చుట్లు! మర్నాడు తూకంలో అరకిలో తగ్గింది.

అలా గడిచాయి రోజులు. మాస్టారు రోజుకో కథ చెప్పేవాడు, తూకం రోజుకింత తగ్గేది. తొంభై ఎనిమిది. తొంభై ఆరు. తమ్ముడు ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడు. "నేను అయిదేళ్ళుగా చెప్పినా చెయ్యంది నువ్వు నెలలో చేశావు అన్నయ్యా!" నిజంగానే కాళ్ళు తేలిపోతున్నాయి. వగర్పు లేదు. చెమటైనా పట్టడం లేదు.

చెమట వెనకవాడికి పడుతోంది.

అది మాస్టారికి మెల్లగా తెలిసింది. మొదట్లో వెనక వినిపించిన అడుగులు తేలిక. తడిగుడ్డ నేలకి తగిలి లేచినట్టు, చప్... చప్... నాలుగో వారానికి అవి బరువెక్కాయి. దప్. దప్. అడుగు పడ్డాక ఇంకేదో ఆలస్యంగా ఊగి, దానికదే తగులుకుంటున్న చప్పుడు. ఊఁ కూడా మారింది. గొంతులో కఫం గరగరలాడుతూ, చొంగ మింగుకుంటూ వస్తోంది. ఎవరో బాగా తిన్నాక మాట్లాడినట్టు...

పైకెక్కి వాచ్‌మన్‌ని నిలదీశాడు. "ఏమోయ్, వినేవాడివి పక్కన నడుస్తూ వినకూడదూ? ఆ వెనక నక్కడం దేనికి?"

వాచ్‌మన్ తెల్లబోయాడు. "నేనా? నేను కిందికి దిగి మూడేళ్ళయింది మాస్టారూ. ఆ కంపు నావల్ల కాదు."

ఆ మధ్యాహ్నం మాస్టారు టార్చి పట్టుకుని దిగాడు. నేలమీద తన బూట్ల గుర్తులు. వాటి వెనకే, వాటిని తొక్కుకుంటూ, ఉత్తకాళ్ళ గుర్తులు. పసుప్పచ్చగా, జిడ్డుగా, అంచులు గడ్డకట్టి. వేలితో తాకాడు. వెచ్చగా ఉంది. వేలు వాసన చూసుకున్నాడు, మెట్ల దాకా పరిగెత్తి కక్కుకున్నాడు. పేలతల పట్టుకుని టీ తాగిన మనిషి! చేతిని ఏడుసార్లు కడిగినా జిడ్డు పోలేదు. రాత్రి కంచం ముందు కూర్చుంటే ప్రతి ముద్దా అదే వాసన.

మానేద్దామనుకున్నాడు. మూడు రోజులు పగటివెలుగులో, రోడ్డుమీద, నోరు మూసుకుని పరిగెత్తాడు. తూకం తొంభై మూడు దగ్గర బిగుసుకుపోయింది. ఇంకా మూడు కిలోలు. పది రోజులే మిగిలాయి. నాలుగో రోజు ఆసుపత్రికి వెళ్తే తమ్ముడు ఆయన్ని గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకున్నాడు. "ఎంత... తగ్గావు?" అనడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకున్నాడు.

మళ్ళీ కిందికి దిగాడు. దిగాడు గానీ, మాట్లాడకూడదని పళ్ళు బిగించాడు.

ఒక చుట్టు. చప్పుడు లేదు. రెండో చుట్టు. ట్యూబులైటు కన్ను కొడుతోంది. తొమ్మిదో స్తంభం దాటాడు...

"ఊఁ?"

అడిగినట్టుగా.

వేగం పెంచాడు. అడుగులూ పెరిగాయి. దప్. దప్. దప్. మెడ వెనక వెచ్చగా ఊపిరి. కుళ్ళిన పంటి వాసన, కాగిన కొవ్వు వాసన...

"ఊఁ... ఆ తర్వాత?"

బూటు జర్రున జారింది. మాస్టారు బోర్లా పడ్డాడు. అరచేతులు రెండూ మణికట్ల దాకా దిగబడ్డాయి. మెత్తగా. వెచ్చగా. అందులో పొట్టి పొట్టి నెరిసిన వెంట్రుకలు. వెంట్రుకల సంగతి ఆయనకొకరు చెప్పాలా? ఛాతీ వెంట్రుకలవి. ఎవరివో కూడా తెలిసింది.

తలెత్తాడు.

ట్యూబులైటు వెలిగినప్పుడల్లా కనిపిస్తోంది. స్తంభం పక్కన ఒక పొట్ట. మడతలు మడతలుగా వేలాడుతూ, మడతల మధ్య పసుపు నీరు కారుతూ. కుడివైపు పాత ఆపరేషన్ కుట్లు. బొడ్డు కింద రెండు వెంట్రుకలు మొలిచిన పుట్టుమచ్చ. మాస్టారు చొక్కా కింద తడుముకున్నాడు. తన కుట్లు లేవు. తన మచ్చ లేదు. నున్నటి చర్మం.

పొట్ట పైన మొహం వెలుగులోకి రాలేదు. పెదాలు మాత్రం కనిపించాయి. నములుతున్నాయి.

మెట్లు ఎడమవైపే. పద్నాలుగు మెట్లు. ఎక్కితే ఎండ, మనుషులు, వాచ్‌మన్ కుర్చీ. ఒక మెట్టు ఎక్కాడు కూడా. అక్కడ ఆగిపోయాడు. మూడు కిలోలు. తమ్ముడు రెండుసార్లు పీల్చుకున్న ఊపిరి...

మెట్టు దిగాడు. దానికి వీపు తిప్పి నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇంతకీ..." ఒక అడుగు వేశాడు. మళ్ళీ అన్నాడు. "ఇంతకీ ఆ ఎలుగుబంటి ఉందే..."

"ఊఁ," అంది సంతోషంగా.

పరిగెత్తాడు. ఈసారి అది వెనక లేదు, వీపు మీదే ఉంది. ఆ పొట్ట ఆయన నడుముకి అతుక్కుని, ఊడి, అతుక్కుని... చొంగ కాలర్‌లోంచి వెన్నుమీదికి జారుతోంది. చెంప పక్కన పెదాల చప్పుడు. మాస్టారు కక్కుకుంటూ చెప్పాడు, ఏడుస్తూ చెప్పాడు, మాట మాత్రం తెగనివ్వలేదు. పదకొండు చుట్లు. ఎలుగుబంటి అద్దంలో చూసుకుంది. ఎలుగుబంటి మురిసిపోయింది. ఎలుగుబంటి డేరాలోకి వెళ్ళిపోయింది. అయిపోయింది.

వీపు మీది బరువు మాయమైంది. తిరిగి చూస్తే నేల పొడిగా ఉంది. జిడ్డు లేదు, వాసన లేదు. స్తంభాల మధ్య ఎవరూ లేరు. మాస్టారికి మాత్రం పొట్టనిండా తిన్నట్టు అనిపించింది.

మర్నాడు తూకం ఎనభై తొమ్మిది.

ఆసుపత్రిలో స్కానింగ్ గది చల్లగా ఉంది. మిషన్ చూసే అమ్మాయి పక్కటెముకల కింద జెల్లు రాస్తుంటే మాస్టారు గోడవైపు తిరిగి పళ్ళు బిగించాడు. "ఊపిరి బిగబట్టండి సార్," అంది. బిగబట్టాడు. ఆ అమ్మాయి తెరకి దగ్గరగా వంగి చూసింది. మళ్ళీ బిగబట్టమంది. మూడోసారి కూడా. తర్వాత చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కాగితం రాసిచ్చింది.

డాక్టరు ఆ కాగితం చూసి లేచి చెయ్యి కలిపాడు. "కొవ్వు నాలుగు శాతం! నా సర్వీసులో ఇలాంటి డోనర్‌ని చూళ్ళేదండీ. రేపు పొద్దున్నే ఆపరేషన్." తమ్ముడి భార్య కారిడార్‌లోనే మాస్టారి కాళ్ళమీద పడింది. "లే అమ్మా, లే. నా తమ్ముడే కదా," అన్నాడాయన.

మర్నాడు తెల్లారకముందే తమ్ముడిని లోపలికి తీసుకెళ్ళారు. వెళ్తూ చెయ్యూపాడు. మాస్టారి స్ట్రెచర్ కదలబోతుంటే, ఆ స్కానింగ్ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అటూ ఇటూ చూసి, వంగి, చెవిలో గుసగుసగా అంది.

"సార్... నిన్న మీరు నిజంగానే ఊపిరి ఆపారా?"

"ఆపానమ్మా. మూడుసార్లూ ఆపాను."

"అదే సార్. మీ ఛాతీ కదల్లేదు. పొట్ట కదల్లేదు." ఆ అమ్మాయి స్ట్రెచర్ అంచు పట్టుకుంది. "లివర్ ఒక్కటే... పీలుస్తూ, వదులుతూ ఉంది."

ఆపరేషన్ థియేటర్ తలుపులు తెరుచుకున్నాయి.