పసుపు చెమట

శవపరీక్ష బల్ల మీదున్న అమ్మాయి గోళ్ళు పసుపుగా ఉన్నాయి. తెల్ల దుప్పటికీ అదే రంగు అంటింది.

"జ్వరం నలభై మూడు డిగ్రీల సెల్సియస్," అంది గూఢచారి శాఖ చీఫ్ బిర్తె మోర్క్. "మింగింది ఇవి. షాపులో డాక్టరు చీటీ అడక్కుండానే ఇస్తారు."

సీసా మీద 'బరువు తగ్గించే మూలికలు' అని ఉంది.

"మూలికలు చంపుతాయా మేడమ్?" అన్నాడు ఏజెంట్ యెప్పె డామ్‌కేర్.

"చంపవు, సన్నబరచవు కూడా. అందుకే సముద్రం అవతలి ముఠా వీటిలో రంగుల ఫ్యాక్టరీ రసాయనం కలుపుతోంది. కొవ్వుతోపాటు మనిషినీ కాల్చేస్తుంది. రేపు పదింటికి ఆర్హుస్‌లో ఆడవాళ్ళ పరుగు. ఎనిమిది వేల ఉచిత పొట్లాలు పంచుతారు. ఈలోగా సరుకు పట్టుకో. లోపల మన మనిషి ఇంగెలీస్. వాళ్ళ పోస్టర్ల మీద నవ్వేది ఆవిడే. కోడ్ మాట బార్లీ."

మర్నాడు పొద్దున్న యెప్పె మందుల వ్యాపారి వేషంలో ఆర్హుస్ రేవు దగ్గరి పాత చేపల గోదాములో అడుగుపెట్టాడు. కళ్ళజోడులో కెమెరా, జేబులో ఆ రసాయనం తగిలితే కొన ఎర్రబడే పెన్ను. లోపల సిమెంట్ కలిపే యంత్రంలో పసుపు పొడి తిరుగుతోంది. ముఠా మనిషి రాడెక్ పారతో పొడి తోడుతున్నాడు. పారకి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"కడగరా?" అన్నాడు యెప్పె.

"గొట్టం బిళ్ళలోకి పోయాక ఎవడు చూస్తాడు? వాంతి అయితే మందు పనిచేస్తోందని మురిసి ఇంకో సీసా కొంటారు."

యెప్పె కళ్ళజోడు సర్దుకుని పార వైపు తల తిప్పాడు.

ఇంగెలీస్ వచ్చింది, పట్టు జాకెట్లో, పోస్టర్లోకన్నా సన్నగా. "బార్లీ బాగా పండిందట," అన్నాడతను.

"రాడెక్, ఇతని కళ్ళజోడు లాక్కో. కెమెరా ఉంది," అందామె. ఆమె చేతిలో పిస్తోలు.

రెండు వైపులా అమ్ముడుపోయిందన్నమాట. అప్పుడే అతని కళ్ళు ఆమె కాలరు మీద పడ్డాయి. చెమట మరక, పసుపుగా.

"మీరూ మింగుతున్నారా?"

"నాది వేరే సీసా. ఉత్త మూలికలు."

అతను పెన్ను ఆమె కాలరుకి తాకించాడు. కొన ఎర్రబడింది.

ఆమె రాడెక్‌కేసి చూసింది. "నాకు వేరేదన్నావు."

"పోస్టర్ మీద లావుగా కనిపిస్తే సరుకు కదులుతుందా?"

పిస్తోలు రాడెక్ వైపు తిరిగింది. యెప్పె రాడెక్‌కి సంకెళ్ళు వేసి యంత్రానికి బిగించాడు.

"పొట్లాలు పరుగు దగ్గరి గుడారానికి వెళ్ళిపోయాయి," అంది ఇంగెలీస్, గోడకి జారగిలబడి. ఆమె చెయ్యి పట్టుకుంటే పెనంలా ఉంది. అతను అంబులెన్స్‌కి, పోలీసులకి ఫోన్ చేసి కారెక్కాడు.

పదికి నిమిషం ఉంది. గుడారంలో అట్టపెట్టెలు అప్పుడే విప్పారు. వరసలో మొదటి పెద్దావిడ గొట్టం బిళ్ళ నాలుక మీద పెట్టుకోబోతోంది. యెప్పె చెయ్యి పట్టేశాడు.

"వదలవయ్యా," అందావిడ, "ఉచితంగా ఇస్తుంటే నీకేం బాధ?"

వెనకే వచ్చిన పోలీసులు పెట్టెలన్నీ ఎత్తుకెళ్ళారు. మంచుగడ్డల మధ్య పడుకోబెట్టిన ఇంగెలీస్ బతికింది, జైలుకి సరిపడా.

సాయంత్రం యెప్పె తలనొప్పి బిళ్ళ కోసం మందుల షాపుకి వెళ్ళాడు. గల్లా పక్కన కొత్త సీసాల వరస, కొత్త పేరు, అవే మూలికలు.

"ఇది పనిచేస్తుందా?" అన్నాడు.

"చెయ్యదండి," అంది షాపు అమ్మాయి, చుట్టూ చూసి గొంతు తగ్గించి. "అందుకే భయం లేదు."