పదకొండు గంటల బ్యాండికూట్

"పదకొండు గంటలకి బ్యాండికూట్‌ని లేపేస్తారట. ముఠా వైర్‌లెస్‌లో దొరికింది అంతే," అన్నాడు డీకోడర్.

ఏజెంట్ నైన్ వాచీ చూసుకున్నాడు. పదీ నలభై. ఎవరీ బ్యాండికూట్? మంత్రిగారా? సైంటిస్టా? కోడ్‌నేమ్‌ల లిస్టు మూడుసార్లు తిరగేసినా ఆ పేరు లేదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు.

"బ్యాండిట్ అంటే బందిపోటు కదా. వాడికేమైనా చుట్టమా?"

"నీ మొహం. వాళ్ళు ఎక్కడ ఏ పేరు విన్నా ఇంగ్లీషులోకి మార్చి వాడతారు. మాటకి మూలం చూద్దాం."

డీకోడర్ లావుపాటి నిఘంటువు లాగాడు. పేజీలు తిరుగుతుంటే నైన్ వేళ్ళు టేబుల్ మీద దరువేస్తున్నాయి. లాటిన్ కాదు. గ్రీకూ కాదు.

"దొరికింది. ఇంగ్లీషువాళ్ళు మన దగ్గరే ఎత్తుకుపోయారు. తెలుగు మాట. పందికొక్కు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి టిఫిన్ డబ్బా కనబడినా ఖాళీ చేసే చీఫ్‌కి ఆఫీసులో చాటుగా ఉన్న పేరు అది. పెట్టింది సాక్షాత్తూ నైనే.

"ఆ పేరు ముఠాకెలా తెలిసింది? క్యాంటీన్‌లో మనతో కూర్చునే బయటి మనిషి ఎవరు?" అన్నాడు నైన్.

"నెమలి," అన్నాడు డీకోడర్. ముఠాలో ఉంటూనే వాళ్ళ గుట్టు మనకి చేరవేస్తున్నానని అందర్నీ నమ్మించిన అందగత్తె. "ఇప్పుడు చీఫ్ గదిలోనే ఉంది."

చీఫ్ ఫోన్ ఎంగేజ్. లిఫ్ట్ ఎంతకీ రాదు. నైన్ నాలుగంతస్తుల మెట్లూ పరిగెత్తాడు. భయం వేసింది. ఎంత ఎగతాళి చేసినా, తనకి ఈ పని నేర్పింది ఆ మనిషే. తను నవ్వులాటకి పెట్టిన పేరు విన్నాకే, ఆయన్ని ఎలా చంపాలో ముఠాకి తెలిసుంటుంది.

తలుపు తోసేసరికి నెమలి బిస్కెట్ల డబ్బా తెరిచి పట్టుకుంది. పదకొండుకి అర నిమిషం. చీఫ్ చేతిలో బిస్కెట్ నోటిదాకా వెళ్ళింది. నైన్ ఒక్క దెబ్బ కొట్టాడు. బిస్కెట్ గోడకి తగిలి ముక్కలైంది.

"నువ్వొకటి తిను, చూద్దాం," అన్నాడు నెమలితో.

ఆమె తినలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ పిస్టల్ తీయబోయింది. అప్పటికే నైన్ రివాల్వర్ ఆమె మెడకి ఆనింది.

ఆమెని సంకెళ్ళతో తీసుకెళ్ళాక చీఫ్ చెమట తుడుచుకున్నాడు. మెసేజ్ చదివాడు.

"బ్యాండికూట్ అంటే నేనని ఎలా కనిపెట్టావయ్యా?"

"మాట మూలం వెతికాం సార్. తెలుగులో పందికొక్కు."

చీఫ్ మెసేజ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకా పేరు ఎవడు పెట్టాడు?"

నైన్ అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"అలాంటి వాటికి నిఘంటువుల్లో ఒకటే రాస్తారు సార్. మూలం తెలియరాలేదు."