నల్లిరిక్కలో మరిచిపోయిన గొడుగు

రెండో గీత సాయంత్రం నాలుగూ పదికి కనబడింది. ఆ సమయానికి ప్రసీద వంటింట్లో కూర్చుని కొబ్బరి తురుముతోంది. గర్భ పరీక్ష పట్టీని స్నానాలగది కిటికీలో పెట్టి, చూసే ధైర్యం లేక పారిపోయి వచ్చింది. దాన్ని చూసింది ఆమె అత్తగారు తంకమణి.

"ఇందులో రెండు గీతలున్నాయేమిటే? ఒకటి నా కళ్ళజోడు మీది గీత కాదు కదా?" అంటూ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. కళ్ళజోడు తీసి చూసింది. పెట్టుకుని చూసింది. తరవాత కోడలి పక్కనే నేల మీద కూలబడి, గిన్నెలోంచి చిటికెడు కొబ్బరి తీసి దానిలో బెల్లం నలిపి ప్రసీద నోట్లో పెట్టింది. కొబ్బరీ బెల్లమూ ఇంత తియ్యగా ఉంటాయని ప్రసీదకు ఇరవై తొమ్మిదేళ్ళ తరవాత తెలిసింది.

ప్రసీద భర్త సుధీష్ సంగతి ఫోనులో విన్నాడు. ఒట్టపాలంలో తాలూకా కచేరీకి ఎదురుగా అతనికి జెరాక్సు కొట్టుంది. యంత్రం ఆపడం మరిచిపోయాడు. ఎవరిదో రేషన్ కార్డు ఇరవై మూడు నకళ్ళు వచ్చేదాకా ఆ చప్పుడు ఫోనులో వినబడుతూనే ఉంది.

నాలుగేళ్ళ ఎదురుచూపు అది. రంగు మందు పెట్టి తీసిన ఎక్స్‌రేలో ప్రసీద ఎడమ గర్భనాళం పూర్తిగా మూసుకుందని, కుడిది సగమే తెరిచి ఉందని తేలింది. ఆసుపత్రిలో ఆపరేషన్ మాట ఎత్తారు. తంకమణి మాత్రం కోడల్ని సుభద్ర వారస్యార్ ఆయుర్వేద వైద్యశాలకు తీసుకెళ్ళింది. చేదు కషాయాలు, ఉప్పూ పులుపూ తగ్గించిన పథ్యం, నెలసరి ముగిశాక వారం రోజులు ఔషధ తైలాన్ని గర్భాశయంలోకి పట్టించే ఉత్తరవస్తి. అలా మూడు విడతలు జరిగాయి. ప్రతి విడత తరవాతా నల్లిరిక్క. అంటే చికిత్స ఎన్ని రోజులో, మరి అన్ని రోజులు ఒంటిని కదపకుండా, పథ్యం తప్పకుండా, భర్తకు దూరంగా ఊరకే ఉండడం. ఆ రోజుల్లో తంకమణి కొడుకును చేపతో సహా ఇల్లు దాటించేది. చేపను పక్కింటికి, కొడుకును సందు అవతల ఉన్న చిన్నాన్న ఇంటికి.

తంకమణి ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో పనిచేసింది. పిల్లల బరువులు పట్టికలో రాసిన చెయ్యి ఊరుకోలేదు. గోడమీది మలయాళం క్యాలెండర్లో కోడలి నెలసరికి ఎర్ర పెన్సిలు, చికిత్సకు నీలం, నల్లిరిక్కకు ఆకుపచ్చ. ఇప్పుడు కూడా వైద్యురాలికి ఫోను చేసే ముందు ఆవిడ దాని ముందే నిలబడింది. పెన్సిలు మొన ఆఖరి ఎర్ర సున్నా మీద పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"చింగం నెల పద్నాలుగున ముట్టయ్యావు. ఇవాళ పై నెల, కన్ని రెండు. పంతొమ్మిది రోజులు. పంతొమ్మిది రోజులకే గీత ఇంత ముదురుగా వస్తుందా?"

ప్రసీద చేతిలో కొబ్బరి చిప్ప ఆగిపోయింది.

"అమ్మా... పద్నాలుగున రాలేదు."

"వచ్చిందని చెప్పావు కదే. నేను జీలకర్ర కషాయం కాచి ఇచ్చాను. తాగావు కూడా."

"తాగాను."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. చింగం రెండో తేదీన, నల్లిరిక్క ఇంకా మూడు రోజులుండగా, సుధీష్ గొడుగు మరిచిపోయానని ఇంటికొచ్చాడు. అత్తగారు గుడికెళ్ళారు. వాన ఆగలేదు. అతనూ వెంటనే వెళ్ళలేదు. పద్నాలుగున నెలసరి రాలేదు. నిరుడు ఇలాగే తొమ్మిది రోజులు ఆలస్యమైతే తంకమణి చుట్టాలందరికీ చెప్పుకుంది. పదో రోజు అందరికీ కాదని మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ముఖం ఇంకోసారి చూడలేక, పథ్యం తప్పిన సంగతి బయటపడుతుందనీ భయపడి, ప్రసీద వచ్చిందని చెప్పేసింది.

తంకమణి పెన్సిలు కింద పెట్టింది. "అయితే అసలు తేదీ అంతకు ముందు నెల, కర్కటకం పదిహేడు. నలభై ఏడు రోజులు. సరే. ఇంకేం దాచావు?"

తిడతారనుకున్న గొంతు తిట్టలేదు. అందుకే ప్రసీదకు ఏడుపొచ్చింది. "నిన్నటి నుంచి పొత్తికడుపులో ఎడమ పక్క లాగుతోందమ్మా. పథ్యం తప్పినందుకే అనుకున్నాను. బిడ్డకేమైనా చేశానా..."

ఆ మాట విని తంకమణి గోడకు ఆనుకుంది.

"మా అమ్మిణక్క కూడా ఇలాగే దాచింది," అంది. "ఆరేళ్ళు కషాయాలు మింగింది. పథ్యం రోజుల్లోనే నెల తప్పింది. అత్తగారికి తెలిస్తే ఏమంటుందోనని నోరు మెదపలేదు. నొప్పి వస్తే గ్యాసంది. రెండు రోజులు పెసలు దంచుతూనే ఉంది. బిడ్డ గర్భసంచిలో కాదు, నాళంలో పెరిగిందట. నాళం చిట్లిపోయింది. జీపు త్రిశూర్ ఆసుపత్రికి చేరేలోపే పోయింది... నల్లిరిక్క తప్పారని నాకు బాధ లేదే పిల్లా. నీకు నా దగ్గర భయమేసిందే, అదే బాధ. మా అక్క అత్తగారిలా ఉన్నానా నేను?"

ప్రసీద లేచి వెళ్ళి ఆవిడ భుజం మీద తల పెట్టింది. చేతులకంటిన కొబ్బరి ఆవిడ కట్టుకున్న ముండు పంచె నిండా అంటుకుంది. ఇద్దరూ గమనించలేదు.

వైద్యురాలు సుభద్ర వారస్యార్ ఫోనులో మొత్తం వింది. "రక్తం కనబడిందా? కళ్ళు తిరిగాయా? భుజంలో పోటు?"

"లేదు. లాగినట్టుంది, అంతే," అంది ప్రసీద.

"పథ్యం తప్పితే ఎవరూ శిక్ష వెయ్యరు. నల్లిరిక్క ఒంటి విశ్రాంతికి. నా భయం వేరు. నా తైలంతో దారి తెరుచుకుందో లేదో నాకు తెలియదు. మళ్ళీ ఎక్స్‌రే తీశాకే ముందుకెళ్దామన్నది అందుకే. సగం తెరిచిన దారిలో పిండం ఇరుక్కోవచ్చు. బిడ్డ గర్భసంచిలో కూర్చుందో లేదో స్కానే చెప్పాలి. రేపు పొద్దున్నే జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి, అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను. ఈలోగా నొప్పి పెరిగినా, కళ్ళు తిరిగినా తెల్లవారేదాకా ఆగొద్దు. నా కషాయాలన్నీ ఆపెయ్యి."

"ఆ చేదుదీ ఆపెయ్యాలా?" అంది ప్రసీద, కళ్ళు తుడుచుకుంటూ.

"చూశావా, ఆశ," అంది వైద్యురాలు. ఫోను పక్కనే ఉన్న తంకమణికి ఆ భయంలోనూ నవ్వొచ్చింది.

అంతలో సుధీష్ వచ్చాడు. చొక్కా బొత్తాలు ఒకటి అటూ ఒకటి ఇటూ పెట్టుకున్నాడు. చేతిలో అరటికాయ చిప్స్ పొట్లం. సంగతంతా విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "తప్పు నాదేనమ్మా," అన్నాడు. "నేను గొడుగు కోసమే వచ్చాను..."

తంకమణి లోపలికెళ్ళి బియ్యం డబ్బా వెనక నుంచి నల్ల గొడుగొకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"గొడుగు కోసమని, గొడుగు వేసుకునే వచ్చి, ఇక్కడే వదిలేసి పోయావు. గుడి నుంచి వచ్చేసరికి వసారాలో నీళ్ళు కారుతూ కనబడింది. నేనేమైనా అన్నానా? మీరు కొత్త గొడుగు కొనుక్కుని, పాతది బస్సులో పోయిందని నాకు కథలు చెప్పారు."

ప్రసీద చెంగుతో ముఖం కప్పుకుంది. సుధీష్ గొడుగు చంకలో పెట్టుకుని బొత్తాలు సర్దుకోసాగాడు. తంకమణి క్యాలెండరును మేకు నుంచి తీసి, జాగ్రత్తగా చుట్టి, సంచిలో పెట్టింది. డాక్టరు తేదీలు అడిగితే ఈసారి అన్నీ నిజమైనవే చూపించాలి. ఎర్ర పెన్సిలుతో చింగం పద్నాలుగును అంతకు ముందే కొట్టేసింది.

"పాయసం లేదు, చుట్టాలకు ఫోన్లు లేవు. స్కాను చూసేదాకా ఎవరికీ చెప్పేది లేదు. ఏం చూపించినా ముగ్గురం కలిసే చూద్దాం. నువ్వు రేపు కొట్టు తెరవకు. పిల్లా, నువ్వు ఇవాళ నా పక్కన పడుకో, ఏ కొంచెం నొప్పి తెలిసినా నన్ను లేపు. రేపు ఏడూ నలభై బస్సుకి బయలుదేరుతున్నాం. స్కానుకని దారిలో రెండు సీసాల నీళ్ళు తాగాలట, నేను తెస్తాను. ఒరేయ్, ఆ గొడుగు నువ్వు పట్టుకో. రేపూ వానేనట."