రాణి మెడలో పలక

కాశీబుగ్గలోని మన్మథ ఇంగ్లీష్ అకాడమీ మెట్లు ఎక్కీ ఎక్కకముందే రాణి మెడలో పలక పడింది.

తప్పు రాణిదే అనుకుంటే అనుకోవచ్చు. ఉద్యోగానికి వచ్చిన మనిషి తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళాలి కదా. వెళ్ళలేదు. వరండాలో ఒక నర్సింగ్ అమ్మాయి గోడకి ఆనుకుని తల దించుకుని నిలబడి ఉంటే ఆగింది. ఆ అమ్మాయి మెడలో దారం కట్టిన పలక వేలాడుతోంది. దాని మీద తెల్ల పెయింటుతో 'ఈ రోజు నేను తెలుగు మాట్లాడాను' అని ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఏటమ్మా ఇది? ఎవులు కట్టినారు?" అని అడిగింది రాణి.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. గబుక్కున పలక తీసి రాణి మెడలో వేసి, "సారీ మేడమ్, థాంక్యూ మేడమ్" అంటూ క్లాసులోకి పారిపోయింది.

పక్క గది తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, చేతిలో బొమ్మల కార్డుల కట్టతో ఒక యువకుడు బయటికి వచ్చాడు. రాణిని చూశాడు, పలకని చూశాడు, ఇంగ్లీషు అందుకున్నాడు. ఆ మేడలో జరిగేదంతా ఇంగ్లీషులోనే జరుగుతుంది. మనం మాత్రం తెలుగులోనే చెప్పుకుందాం, మనకి పలక వేసేవాళ్ళు లేరు.

"కొత్త స్టూడెంటా? రూలు సులువే. తెలుగు మాట్లాడుతూ ఇంకొకరు దొరికేదాకా పలక మీదే. దొరకగానే వాళ్ళకి వేసెయ్యొచ్చు. దొరక్కపోతే వేసుకునే ఇంటికి వెళ్ళాలి."

"దొరికినా నేను వెయ్యకపోతే?"

ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "వెయ్యకుండా ఎందుకుంటారు?"

"సిగ్గుపడాలనే కదా దీన్ని మెడలో వేస్తున్నారు. నాకు చేసింది నేను ఇంకొకరికి ఎందుకు చెయ్యాలి?"

"మీ ఇంగ్లీషు బాగుందే. ఏ బ్యాచ్?"

"స్టూడెంట్‌ని కాదు. టీచర్ కావాలని మీరు ప్రకటన ఇచ్చారు, దానికి వచ్చాను."

కార్డులన్నీ అతని చేతిలోంచి జారి వరండా నిండా పరుచుకున్నాయి. ఇద్దరూ వంగి ఏరారు. చేప బొమ్మ ఉన్న కార్డు రాణికి దొరికింది.

"ఏ చేప ఇది?"

"ఫిష్."

"అది తెలుసు. ఏ చేప? కోనామా, కవళ్ళా? మాది మందస అవతల సముద్రం ఒడ్డు. ఇలాంటి చేప మా వలలో ఎప్పుడూ పడలేదు."

అతని పేరు రవిశంకర్. అకాడమీ యజమాని మన్మథరావు గారి కొడుకు. హైదరాబాదులో ఇంగ్లీషు బోధన చదివి వచ్చిన ఆ పెద్దమనిషికి ఒక చేప దగ్గర నోరు పెగల్లేదు. రాణికి ఎందుకో నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

పలక మెడలో ఉండగానే ఇంటర్వ్యూకి వెళ్ళింది. మన్మథరావు గారు ఇంగ్లీషులో ఏది అడిగినా తడుముకోకుండా చెప్పింది. టెక్కలిలో పెద్ద ఇల్లు, కంచిలి వైపు కొబ్బరి తోటలు ఉన్న మనిషి ఆయన. వరండాలో ఎంతమంది తెలుగు మాట్లాడుతున్నారో చూపించి, ఎవరికో ఒకరికి పలక వేసేసి రేపట్నుంచి రమ్మన్నారు. రాణి రేపట్నుంచి వచ్చింది. పలక కూడా ఆమెతోనే వచ్చింది.

ఆ మేడలో క్లాసు గదులు మూడు. మొదటిది మన్మథరావు గారిది. ఆయన చదువుకున్న రోజుల్లో ఇంగ్లీషంటే పుస్తకంలో వాక్యాన్ని తెలుగులోకి, తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చడమే. వ్యాకరణం అంతా ఆయన నాలుక చివర ఉండేది, మాట మాత్రం వచ్చేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద ఉద్యోగం ఇంటర్వ్యూలో నోరు తెరవలేక లేచి వచ్చేశారు. తెలుగే అడ్డం పడిందని ఆ రోజు గట్టిగా అనుకున్నారు. అకాడమీ పెట్టాక పలక అలా పుట్టింది.

రెండో గదిలో చెక్క అరలు, అరకో హెడ్‌ఫోను, అన్నిటి మీదా బూజు. ఒకప్పుడు క్యాసెట్టులో దొర ఏదంటే అందరూ అదే తిరిగి అనేవారు. మూడోది రవిశంకర్‌ది. అక్కడ గోడల నిండా బొమ్మలు, తెలుగు ముక్క వినపడకుండా అంతా చూపించి, నటించి చెప్పడం. ఇప్పుడు జనం ఫోన్‌తోనే మాట్లాడి నేర్చేసుకుంటున్నారని, మన గదులు ఖాళీ అవుతున్నాయని తండ్రీ కొడుకులిద్దరికీ బెంగ.

రాణిది నాలుగో పద్ధతి, దానికి గది లేదు. రాణిని డాబా మీద రేకుల షెడ్డులోకి పంపారు.

ఆ షెడ్డులో రాణి పాఠాలు చెప్పలేదు, పనులు చెప్పింది. ఆసుపత్రికి ఫోన్ చేసి డాక్టరు ఎప్పుడుంటాడో కనుక్కోవాలి. రైల్లో మన సీటులో కూర్చున్నవాణ్ణి లేపాలి. రంగు వెలిసిన చీర దుకాణంలో తిరిగి ఇచ్చెయ్యాలి. కావలసిన మాట తెలుగులో అడగొచ్చు, ఒకరికొకరు తెలుగులో చెప్పుకోవచ్చు. పని మాత్రం ఇంగ్లీషులో జరగాలి. జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే నారాయణమ్మ మొదటి వారంలోనే దుకాణం వాడి వేషం వేసినవాణ్ణి ఓడించింది.

"మేడమ్, నాను ముందు తెలుగులో తిట్టేసుకుంటాను. తరవాత నింపాదిగా ఇంగ్లీషులో పెడతాను" అంది నారాయణమ్మ.

"అలగే పెట్టు. కానీ తిట్లు తగ్గించి పెట్టు" అంది రాణి.

సాయంత్రం మందస బస్సులో ఆ పలక అందరూ చదివేవారు. చదవలేనివాళ్ళు పక్కవాళ్ళని అడిగేవారు. రాణి కిటికీ వైపు తిరిగి కూర్చునేది కాదు, తలెత్తుకునే కూర్చునేది.

ఇంట్లో తల్లి తవిటమ్మ ఊరుకోలేదు. "తాళి పడాల్సిన మెళ్ళో పలకేటే? ఇంకోలికి ఏసీమంటన్నారు కదా, ఏసీరాదా?"

"ఎయ్యనే అమ్మా."

"మొండి ముండవి. మీ అయ్య పోలికే."

"నీ పోలిక అనేసుకో, పోద్ది."

తవిటమ్మ నవ్వు దాచుకుని పొయ్యి వైపు తిరిగింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. రేకుల మీద ఆ మోతలో ఎవరి గొంతు వాళ్ళకే వినపడలేదు. రాణి తన బ్యాచ్ మొత్తాన్ని మెట్ల మీంచి దింపి, తడిసిన కాళ్ళతో రవిశంకర్ గదిలోకి తోలేసింది.

"ఇది నా క్లాసు" అన్నాడు రవిశంకర్.

"వానకి చెప్పండి మాస్టారూ, డాబా మీద నాది కూడా క్లాసే" అంది రాణి.

ఆ రోజు రెండు బ్యాచ్‌లూ కలిసి కూర్చున్నాయి. రవిశంకర్ స్టూడెంట్లు ఇంగ్లీషు చక్కగా పలుకుతారు, కానీ నారాయణమ్మ లేచి, ఇది రైలు, అది నా సీటు అంటూ లెమ్మని గద్దిస్తే ఒక్కరికీ జవాబు తోచలేదు. వెనక నుంచి ఎవడో మెల్లగా తెలుగులో మాట అడిగాడు, భారతి అందించింది. మొదటి రోజు పలక అంటించి పారిపోయిన నర్సింగ్ అమ్మాయే ఈ భారతి, ఇప్పుడు రాణి బ్యాచ్. తర్వాత గది ఒకటే రభస, అంతా ఇంగ్లీషులో. రవిశంకర్ విన్నాడు. విననట్టు నటించలేదు. అక్కడ రాణికి నచ్చాడు.

వాన తగ్గే వేళకి ఇద్దరూ వరండాలో మిగిలారు.

"మీరు తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది రాణి.

"హైదరాబాదు హాస్టల్లో చేరిన రోజు నోరు విప్పితే గది గదంతా నవ్వింది. నేనన్న మాటే అంటూ నెలల తరబడి ఏడిపించారు. అప్పుడు మానేశాను. ఇంగ్లీషులో ఎవరూ నవ్వరు కదా."

"మీ ఇంట్లో?"

"మా నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ మాట్లాడేది. అకాడమీ మొదలుపెట్టిన రోజు ఆవిడ ఈ వరండాలోనే కూర్చుంది. లోపలికి రమ్మంటే, వస్తే మాట్లాడాలి కదరా అంది. మళ్ళీ రాలేదు." అతను పలక వైపు చూశాడు. "అది నాకు వేసెయ్యొచ్చు కదా. నేను ఒక్క మాట తెలుగులో అంటాను, మీరు పట్టుకోండి. అయిపోతుంది."

"జాలిపడి అనే మాట నాకొద్దు మాస్టారూ. మీకు అనాలనిపించినప్పుడు అనండి."

రవిశంకర్ కళ్ళు దించుకోలేదు, రాణి కూడా దించుకోలేదు. ఇద్దరికీ ఇష్టమేనని అక్కడ ఉన్న వానకి కూడా తెలిసిపోయింది. చెప్పడానికే భాష కుదరలేదు.

దసరా ముందు అకాడమీ వార్షికోత్సవం. మన్మథరావు గారు రాణిని పిలిచారు.

"ఆ రోజు పెద్దవాళ్ళు వస్తారు. ఒక టీచరు మెడలో పలక ఉంటే అకాడమీ పరువు పోతుంది. రూలు ప్రకారం ఎవరికో ఒకరికి వేసెయ్యి. లేదంటే అదే నీ ఆఖరి రోజు."

"పరువు పోయేదైతే స్టూడెంట్ల మెడలో ఎందుకు వేశారు సార్?"

ఆయన ఉత్సవం తేదీ మాత్రం చెప్పారు. రాణి మెట్లు దిగుతూ ఏడ్చింది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. షెడ్డులో నారాయణమ్మకీ భారతికీ ఇప్పుడిప్పుడే వస్తున్న మాట ఆగిపోతుందనే ఆమె బాధ. రవిశంకర్‌ని రోజూ చూడలేనని కూడా.

ఉత్సవం రోజు అద్దెకి తీసుకున్న హాలు నిండిపోయింది. రాణి పలకతోనే వచ్చింది. ముందు భారతి ఎదురొచ్చి నిలబడింది.

"మేడమ్, నాను తెలుగు మాట్లాడతన్నాను. నాకు ఏసీండి."

"నాకు ఏసీమ్మా, నాను పొద్దున్నించీ మాట్లాడతన్నాను" అంది నారాయణమ్మ.

రాణి ఇద్దరినీ దగ్గరికి తీసుకుంది, పలక మాత్రం తియ్యలేదు.

అప్పుడే తలుపు దగ్గర తవిటమ్మ కనిపించింది. కూతురి పండగ చూద్దామని, ఉతికిన చీర కట్టుకుని బస్సెక్కి వచ్చింది. హాలంతా కలయజూసి, నిండు గొంతుతో అడిగింది. "ఓలె రాణీ, నానెక్కడ కూకోవాలే?"

అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. వేదిక మీద నుంచి మన్మథరావు గారు తల తిప్పకుండానే అన్నారు. "రాణీ, ఆవిడ తెలుగు మాట్లాడారు. అందరూ విన్నారు. పలక వేసెయ్యి, ఈ గొడవ వదిలిపోతుంది."

"ఆవిడ మా అమ్మ సార్."

ఆయన అప్పుడు చూశారు. అన్న మాట అనేశారు, వెనక్కి తీసుకోవడం తెలియలేదు.

తవిటమ్మకి ఇంగ్లీషు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. నడుచుకుంటూ కూతురి ముందుకి వచ్చి మెడ వంచింది. "ఏసీయే. నాకేటి సిగ్గు? నీ ఉజ్జోగం ఉంటాది."

"ఎయ్యను. నువ్వు మెడ ఎత్తే అమ్మా" అంది రాణి. "ఎల్లిపోదాం పద."

"ఎల్లకండి."

ఆ మాట అన్నది రవిశంకర్. వచ్చి రాణి మెడలోంచి పలక తీసి తన మెడలో వేసుకున్నాడు. హాల్లో అతని స్టూడెంట్లందరూ నోళ్ళు తెరిచారు, అతను తెలుగు మాట్లాడగా వాళ్ళెప్పుడూ వినలేదు.

"అత్తా, నువ్వు మెడ ఒంచకు. ఒంచాల్సినోలం మేం" అన్నాడు. మొదట తడబడ్డాడు, తర్వాత మాట దానంతట అదే వచ్చింది. "నాను టెక్కలోడ్ని. మా నాయనమ్మ ఇలగే మాట్లాడీది. ఆయమ్మని గుమ్మం బయటే కూకోబెట్టినాం. మళ్ళీ అలగ సెయ్యను. మీ రాణంటే నాకిష్టం. పెళ్ళాడతాను. ఒప్పుకుంటావేటి?"

"అడగాల్సింది మా అమ్మని కాదు" అంది రాణి.

అతను ఆమె వైపు తిరిగాడు. "నిన్నే అడుగుతన్నాను. ఒప్పుకుంటావేటి?"

తవిటమ్మ అడ్డం వచ్చింది. "ఆగు బాబూ. మేం సేపలోలం. మీది తోటలూ దొడ్లూ ఉన్న ఇల్లు. నీకు ఇష్టమైతే సరిపోద్దా? మీ అయ్య ఏటంటాడో ముందు సూడు."

అందరూ వేదిక వైపు చూశారు. మన్మథరావు గారు కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నారు. నాయనమ్మ మాట రాగానే ఆయన కళ్ళు తడిశాయి, దాచుకోవడానికి వేదిక మీద చాటు లేదు. మెల్లగా దిగి వచ్చారు. కొడుకు ఎదురుగా నిలబడి చెయ్యి చాపారు.

"అది ఇటియ్యి."

"ఇయ్యను నాన్నా."

"ఇయ్యరా. నాను ఇప్పుడు తెలుగు మాట్లాడాల."

పలక ఆయనే తీసి మెడలో వేసుకుని తవిటమ్మ వైపు తిరిగారు. "తప్పైపోనాది సెల్లీ. మా అమ్మకి సెప్పాల్సింది నీకు సెప్తన్నాను. ముందొరసలో కూకో. కార్యక్రమం అయ్యాక మా ఇంటికొచ్చి బోంచేసి, పిల్లల సంగతి మాట్లాడదాం."

తవిటమ్మ ఆయన్ని, ఆ పలకని చూసింది. "వొత్తాం గానీ, మాట్లాడీది మా పిల్లే" అంది.

"పెళ్ళి సంగతి తర్వాత సార్" అంది రాణి. "ముందు నా ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?"

"ఉంది."

"డాబా మీదా?"

"మూడో గదిలో."

"మరి నాను?" అన్నాడు రవిశంకర్.

"అదే గదిలో. వాన రోజున కూర్చున్నట్టే, రెండు బ్యాచ్‌లూ కలిపి" అన్నారు మన్మథరావు గారు.

"అలాగైతే రెండిటికీ ఒప్పుకున్నాను. గదికీ, ఈయనకీ" అంది రాణి.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నారాయణమ్మ. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు పలక తీసెయ్యమని కొడుకు అడిగితే మన్మథరావు గారు ఒప్పుకోలేదు. రూలంటే రూలే అని, అలాగే మెడలో వేసుకుని టెక్కలి దాకా వెళ్ళారు.