తమ్ముడి పెట్టెలో మూగబోయిన డ్రైవరు

దగ్గరికి జరగండి నాన్నా, అంత దూరం నుంచి వింటే ఇలాంటి కథలో సగం గాలికి పోతుంది.

రెండువేల పదహారు, మే నెల. రాజాంలో ఒక ధాన్యం కొట్టు. బయట బస్తాలు, లోపల సీక్రెట్ సర్వీసు. ఏజెంట్ ఈశ్వరి గుమ్మంలో నిలబడి, "గింజ తడారిందా?" అని అడిగింది. "ఎండకి పెట్టేం" అన్నాడు చీఫ్ గణపతిరావు. కోడ్ కలిసింది. తలుపు తెరుచుకుంది.

మార్చిలో ఆమె తమ్ముడు, ఏజెంట్ ఎల్లాజీ, కళింగపట్నం ఒడ్డున శవమై తేలాడు. చంపింది షార్క్ అనే విదేశీ గూఢచారి. ఆ నాటి నుంచి ఈశ్వరికి కడుపులో నిప్పు తప్ప కూడు లేదు.

"షార్క్ ఈయాళ నాలుగింటికి బోటు మీద వస్తన్నాడు. మన నేవీ మ్యాపులు ఎవులో ఒడ్డు నుంచి అందిస్తారు. అందుకున్నాడంటే మరి దొరకడు. ఎటేపు నుంచి వస్తన్నాడో నువ్వు సెప్పు. మిగతాది కోస్ట్ గార్డు సూసుకుంటాది" అన్నాడు చీఫ్.

తోడుగా పద్మకుమారిని పంపాడు. విజయనగరం మనిషి, రేడియో ఎక్స్‌పర్ట్, ఎల్లాజీతో కలిసి పనిచేసింది. నల్లకళ్లద్దాలు, లిప్‌స్టిక్, ఆమె నడిస్తే బజారంతా తల తిప్పేది.

ఈశ్వరి ఎండుచేపలమ్మే మనిషిలా కళింగపట్నం ఒడ్డున కూర్చుంది. గంపలో చేపల కింద తమ్ముడి లినక్స్ లాప్‌టాప్, దానికో ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకుల చప్పుడు లాప్‌టాప్‌కి అందించే పెట్టె. నీటి అడుగున రెండు మైకులు, ఉత్తరానిది ఎడమ చెవికి, దక్షిణానిది కుడి చెవికి. ఏ చెవిలో ఇంజను గట్టిగా వినిపిస్తే బోటు అటు ఉన్నట్టు. ఎండకు సముద్రం తెల్లగా పొగలా ఉంది. కంటికి ఏమీ ఆనదు.

మూడూ నలభై. హెడ్‌ఫోన్‌లో చప్పుడు లేదు.

లాప్‌టాప్‌నూ పెట్టెనూ గంపలోంచి తీసి ఇసుక మీద పెట్టి, యుఎస్‌బి లిస్టు చూసింది. ఇంటర్‌ఫేస్ ఉంది, అంటే వైరు మంచిదే. రికార్డింగ్ కార్డుల లిస్టు చూసింది. అందులో లేదు. పెట్టె ఉంది, దాన్ని పలికించే ప్రోగ్రాము, అదే డ్రైవరు, లేవలేదన్నమాట. మాడ్‌ప్రోబ్ అనే కమాండు కొట్టి లేపబోయింది. ఎర్రర్.

"వైరు పోయుంటాదే. వదిలీ, ఎల్లిపోదాం" అంది పద్మకుమారి.

ఈశ్వరి వదల్లేదు. సెట్టింగుల ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచింది. ఒకదానిలో ఒకే ఒక్క లైను: ఎస్‌ఎన్‌డి-యుఎస్‌బి-ఆడియో డ్రైవరును ఎవరు పిలిచినా లేవనివ్వొద్దు. ఫైలు రాసిన తేదీ చూసింది. తమ్ముడు పోయిన రోజు, సాయంత్రం నాలుగు. శవం దొరికింది ఆ పొద్దున్నే. అప్పటికి పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఇద్దరే, చచ్చిపోయిన ఎల్లాజీ, పక్కన నిలబడ్డ ఈ పద్మకుమారి. చీఫ్ ఆమె దగ్గర కనుక్కుని ఈశ్వరికి ఇచ్చింది ఈ రోజు పొద్దున్నే.

ఈశ్వరి లైను చెరిపేసి డ్రైవరును మళ్లీ పిలిచింది. కార్డు పేరు లిస్టులోకి వచ్చింది. చెవుల్లో సముద్రం పలికింది.

వెనక హ్యాండ్‌బ్యాగ్ జిప్పు చప్పుడు. పద్మకుమారి చేతిలో పిస్తోలు.

"ఇన్నా ఏటి లాభం? రెండొందల ఇంజన్లలో మా బోటేదో ఎలా పోలుస్తావే?"

"బస్తీ దానివి, నీకేటి తెలుస్తాది. సేపలు గుడ్లు పెట్టీ కాలం ఇది. జూన్ దాకా వేట బందు. ఈ సముద్రం మీద ఈయాళ ఒక్క ఇంజనే ఉన్నాది. అది మీ వోడిదే."

పద్మకుమారి ఒడ్డున వరసగా బోర్లించిన బోట్ల వైపు చూసింది. అవి భోజనాలకి ఆగాయనుకుంది కాబోలు, పాపం. ఆ ఒక్క క్షణం చాలింది. ఈశ్వరి గంప ఎత్తి ముఖాన కొట్టింది. ఉప్పు కళ్లలో పడింది, పిస్తోలు ఇసుకలో పడింది. వలతాడుతో చేతులు కట్టేశాక హ్యాండ్‌బ్యాగ్ బోర్లిస్తే మ్యాపులు రాలాయి.

ఎడమ చెవిలో ఇంజను. ఈశ్వరి వైర్‌లెస్ అందుకుంది. "ఉత్తరం. ఒంటి బోటు. తగులుకోండి."

అప్పుడు హెడ్‌ఫోన్ తీసి పద్మకుమారి చెవులకు తగిలించింది. కోస్ట్ గార్డు ఇంజన్లు రెండు పక్కల నుంచి కమ్ముకోవడం, షార్క్ ఇంజను దగ్గి దగ్గి ఆగిపోవడం, అంతా ఆమె విన్నది. ముఖాన లిప్‌స్టిక్ ఒక్కటే ఎర్రగా మిగిలింది. తియ్యమని బతిమాలింది.

"ఇంకాసేపు ఇను. మా తమ్ముడికి మీరు ఇంత టైం కూడా ఇవ్వనేదు."

షార్క్ సంకెళ్లతో ఒడ్డుకు చేరేదాకా ఈశ్వరి ఆ హెడ్‌ఫోన్ తియ్యలేదు.

ఇది గుర్తుంచుకోండి నాన్నా, రేపు మీ పిల్లలకు చెప్పండి. ఆ డ్రైవరు పేరు నోరు తిరక్కపోతే వదిలెయ్యండి, నష్టం లేదు. ఎల్లాజీ పేరు మాత్రం వదలకండి.