సలాడ్ పుట్టిన పూట

కూతురు పొద్దున్నే లెట్యూస్ ఆకుల్ని చల్లటి నీళ్లలో జాడించి, పొడిగుడ్డ మీద ఆరబెట్టింది. చేతులు పనిలో ఉన్నాయి గానీ, మనసంతా వీధి గుమ్మం మీదే ఉంది. తల్లీకూతుళ్లు నడిపే ఆ చిన్న హోటలుకి పేరు తెచ్చింది ఒక్క సలాడే. దాని పుట్టుక గురించి రాయడానికి ఇవాళ ఓ పత్రికావిడ వస్తోంది.

"ఆవిడ అడిగితే ఏం చెప్తావమ్మా?"

"చెప్పేదేముంది? నేనే కనిపెట్టానంటాను," అంది తల్లి వెల్లుల్లి దంచుతూ.

"మరి పెద్దమ్మో?"

తల్లి చెయ్యి ఆగింది. "పొద్దున్నే ఆవిడ ఊసెందుకే!"

పెద్దమ్మ ఉండేది పక్క వీధిలోనే. ఒకప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ఈ వంటింట్లోనే కలిసి వండేవాళ్లు. సలాడ్ నాదంటే నాదని మాటామాటా పెరిగి, పెద్దావిడ విసురుగా వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ఎదురుపడితే ఎడమొహం పెడమొహమే. కూతురు మాత్రం చాటుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లొస్తూనే ఉంది. నిన్న బతిమాలి, ఇవాళ రమ్మని ఒప్పించింది కూడా. ఆ సంగతి తల్లికి తెలీదు.

పత్రికావిడ వచ్చి, తింటున్నవాళ్ల మధ్య ఓ బల్ల దగ్గర కూర్చుందో లేదో, వెనకే పెద్దమ్మ దిగింది.

"ఈవిడ్నెవరు పిలిచారు?" తల్లి మొహం మాడిపోయింది.

"నేనేనమ్మా."

పెద్దమ్మ అదేమీ పట్టించుకోకుండా బల్ల మీది సలాడ్ గిన్నెలోంచి ఓ ఆకు తీసి నోట్లో వేసుకుంది. "పులుపెక్కువైంది."

"నా పులుపుకే వంక పెడతావా? అది లేకపోతే నీది ఒట్టి గడ్డి! ఉడికిన పచ్చసొన చిదిమి, నిమ్మరసం, నూనె పోసి గిలక్కొట్టింది ఎవరు?"

"ఆకులు తుంచిందెవరే? నిలవ బ్రెడ్డు ముక్కల్ని వెల్లుల్లి నూనెలో వేయించిందెవరు? పైన చీజ్ తురిమిందెవరు?"

"అదంతా హోటలుకొచ్చిన వాళ్లకోసమేగా!"

"వాళ్లకోసం కాదే, నీకోసం!" పెద్దమ్మ బల్లల వెనకున్న మూలకేసి చెయ్యి చూపించింది. "వేవిళ్లతో మెతుకు ముట్టకుండా ఆ మూల గోడకి జారగిలబడ్డావు. కడుపులో బిడ్డ ఏమైపోతుందోనని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. వంటింట్లో ఏది మిగిలితే అది గిన్నెలో వేసి తెచ్చి, ఒక్క ముద్ద తినమని నీ కాళ్లావేళ్లా పడ్డాను."

తల్లి ఆ మూలకేసే చూస్తూ నిలబడింది.

"పొడిగా ఉంది, గొంతు దిగట్లేదన్నాను కదూ..." అంది మెల్లగా. "పుల్లగా ఏదైనా కావాలనిపించి, లేచి నేనే కలుపుకున్నాను. గిన్నె ఖాళీ చేసేదాకా నువ్వు నా వీపు నిమురుతూనే ఉన్నావు."

"పక్క బల్లాయన చూసి, నాకూ అదే పెట్టండన్నాడు. అక్కడ మొదలైంది మన పీడ!" పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది.

తల్లి అక్క రెండు చేతులూ పట్టుకుంది. "ఎవరెవరు మెచ్చుకున్నారో అంతా గుర్తుంది గానీ, నువ్వెందుకు చేశావో మాత్రం మర్చిపోయానక్కా."

పత్రికావిడ గొంతు సవరించుకుంది. "ఇంతకీ ఎవరిదని రాయమంటారు?"

"మా అక్కదే."

"అదేం కాదు, మా చెల్లెలిది."

"నువ్వూరుకో అక్కా! నువ్వు గిన్నె తేకపోతే నేను కలిపేదాన్నా?"

"నువ్వు కలపకపోతే దాన్ని ఎవడు తింటాడే?"

మళ్లీ మొదలు! బల్లల దగ్గరున్న వాళ్లంతా గొల్లుమన్నారు. కూతురు మాత్రం పొడిగుడ్డతో మొహం కప్పుకుంది. ఇన్నేళ్లూ ఎంతమందికో తన చేత్తో వడ్డించింది గానీ, అది మొదట అమ్మ కడుపులో ఉన్న తనకోసమే పుట్టిందని ఆమెకిప్పుడే తెలిసింది.

పెద్దమ్మ ఆ గుడ్డ లాగేసింది. "ఏడుపెందుకే పిచ్చిమొద్దూ? నోరు తెరువు."

ఆకూ, చీజూ, కరకరలాడే బ్రెడ్డు ముక్కా కలిపి నోట్లో పెట్టింది. ఏడవాలో నవ్వాలో తెలీక కూతురు బుగ్గలు పూరించి నిలబడిపోయింది. ఆ ముద్ద మింగకముందే, తల్లి రెండో ముద్ద పట్టుకుని సిద్ధంగా ఉంది.