కిటికీకి మూడు దుప్పట్లు

గద్వాలలో మగ్గమున్న ఇల్లంటే అనుమానమున్న ఇల్లే. కొత్త అంచు మగ్గమెక్కిందంటే చాలు, కిటికీకి దుప్పటి ఎక్కుతుంది. జములమ్మ కొడుకు శ్రవణ్ కుమార్ ఒకటి చాలదని మూడు కట్టాడు. పక్కింటి మేనమామ తొంగిచూసి తన కొత్త జొన్నకంకి అంచు ఎత్తుకుపోతాడని భయం.

మేనమామ పాపం చూడనే లేదు. చూసినవాడు ఎక్కడో ఉన్నాడు. శ్రవణ్ నిరుడు కంప్యూటర్‌లో గీసిన నాలుగు అంచులనూ ఊరూ పేరూ లేని దుకాణమొకటి చీరల మీద అచ్చేసి, ఫోన్లలో అమ్ముతోంది. ఆ సంగతి తెలిసి కంప్యూటర్ రిపేరు షాపుకు కబురు పెడితే, స్కూటీ మీద సౌజన్య వచ్చింది. గోపాల్‌పేట రైతు బిడ్డ.

ఆమె గడప దాటగానే శ్రవణ్ చేసిన మొదటి మర్యాద, నాలుగో దుప్పటి తెచ్చి మగ్గం మీద కప్పడం.

"ఏందన్నా, మగ్గానికి చలి పెడ్తుందా?"

"కొత్త డిజైన్ మేడం. బయటోళ్లు చూడొద్దు."

"సరే, కండ్లు మూసుకొనే రిపేరు జేస్త."

కూర్చుంటూనే నెట్ వైరు పీకేసింది. కాసేపు చూసి కనుబొమలెత్తింది. ఆ కనుబొమలు చూసి శ్రవణ్ వచ్చిన కష్టమే మరిచిపోయాడు.

"ఫైర్‌వాల్ ఎవరు బంద్ జేసిన్రు?"

"నేనే. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగ దొరికింది. ఎక్కాలంటే ఫైర్‌వాల్ తియ్యమన్నది. తీసిన."

"అంటే దొంగొచ్చి తాళం తియ్యమంటే తీసినవ్."

"యాంటీవైరస్ వేరే ఉంది గద మేడం."

"అది లోపటికొచ్చినోన్ని పట్టేదన్నా. ఫైర్‌వాల్ గడప కాడ నిలబడేది. నెట్ పెట్టినవంటే యాడయాడోళ్లో వచ్చి తలుపు నూకి చూస్తుంటరు. ఎవర్ని రానియ్యాలె, ఎవర్ని ఆపాలె అది చూస్తది. నువ్వు కాపలోన్ని ఇంటికి పంపినవ్. నీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ లోపట్నించి గడియ తీసింది. ఉగాది నుంచి ఎవడో వచ్చిపోతుండు. కిటికీకి మాత్రం మూడు దుప్పట్లు."

తిట్టు ఫరవాలేదు. తిట్టుకొక ‘అన్నా’ తగిలించడమే శ్రవణ్‌కు మింగుడు పడలేదు.

మూలకు కూర్చొని కండెలకు నూలు చుడుతున్న జములమ్మ చెయ్యి ఆపింది. "కొత్తది గూడ పాయెనా బిడ్డా?"

సౌజన్య స్క్రీన్ కిందికీ మీదికీ జరిపి చూసింది. "పోయిందమ్మా. మొన్న మంగళారం."

మూడు నెలల పని అది. పది రోజుల్లో చీరలు కొనే సావుకారికి చూపాలని గొణిగాడు శ్రవణ్. ఈలోపు అదే అంచు ఫోన్లలో కనబడిందంటే ఆయన మొహం తిప్పుకుంటాడు. శ్రవణ్ తల దించుకున్నాడు.

జములమ్మ లేచి మగ్గం మీది దుప్పటి లాగేసింది. "పోయినంక ఇంకెవరికి దాచేది. చూడు బిడ్డా."

జానెడు నేసిన అంచు మీదికి సౌజన్య వంగింది. చూసి, చున్నీ నోటికడ్డం పెట్టుకుంది.

"ఇదేం కంకి అన్నా?"

"జొన్నకంకి."

"యాడ చూసి గీసినవ్?"

"నెట్ల."

"ఇది మక్కకంకి, నెట్ల మొక్కజొన్న అంటరు. చుట్టు ఆకులెట్ల కప్పుకున్నయో చూడు. జొన్నకంకి ఆకుల్ల దాగదు. కట్టె కొసకు, అందరికి కనబడేటట్టు నిలబడ్తది."

జములమ్మ కొడుకు వంక చూసింది. "దినాం జొన్నరొట్టె తింటడు. కంకి తెల్వదు."

"మంచిదే అయిందమ్మా. దొంగలు మక్కలెత్తుకపోయిన్రు. జొన్నలు ఇంక మీ కాడనే ఉన్నయి. మగ్గం మీద అంచు బొమ్మ దించే తూట్ల అట్టలు పది రోజుల్ల కొత్తయి కొట్టించుకుంటరా?"

"మీరు గీసిస్తే," అన్నాడు శ్రవణ్.

సౌజన్య రిపేరు బిల్లు వెనక జొన్నకంకి గీసింది. బయట వాన పట్టుకుంది. మూడు దుప్పట్లూ తడిసి ముద్దవుతున్నా శ్రవణ్ లేవలేదు. కంకి మీద నుంచి ఆమె వేళ్ల మీదికి, అక్కడి నుంచి జడ మీదికి చూపు పోతోంది. ఆపే కాపలా లేదు.

కంప్యూటర్ మొత్తం కడిగి, ఫైర్‌వాల్ పెట్టి, వాన తెరిపివ్వగానే ఆమె స్కూటీ ఎక్కింది.

"వారానికోసారి వచ్చి చూస్త. కొత్తది ఏదన్న లోపటికొస్తనంటే ఫైర్‌వాల్ నిన్ను అడుగుతది. అడిగినదానికల్ల సరే అనకు, శ్రవణ్."

స్కూటీ సందు మలుపు తిరిగింది. శ్రవణ్ గడపలోనే నిలబడిపోయాడు.

"ఈసారి అన్నా అనలే. ఇన్నవా?" అంది వెనక నుంచి జములమ్మ.

"ఇన్న."

"గోపాల్‌పేట బస్సు ఎన్నింటికో కనుక్కొని రా. ఆ పిల్లోళ్ల జొన్నచేను చూసొద్దం."